ఆంటనాస్ గుస్తాయితిస్ జీవిత వ్యాసం రాయాలంటే

ముందు మనిషిని సరిచూసుకోండి. ఇదే పేరుతో లిథువేనియాలో ఒక హాస్యకవి కూడా ఉన్నారు, పుట్టింది 1907లో. మనం రాసే లిథువేనియా విమాన ఇంజనీరు 1898లో పుట్టి, 1941 అక్టోబరు 16న మాస్కోలో సోవియట్‌ల చేతిలో కాల్పులకు బలైనవాడు. వెతుకులాటలో ఇద్దరి ఫొటోలూ కలిసిపోతాయి. ఏళ్లు చూడకుండా ఏదీ వాడొద్దు.

తర్వాత విమానాల పట్టిక వేసుకోండి. ఆయన రూపొందించిన విమానాల పేరు ఆన్బో. ఆన్బో-1 1925లో ఎగిరింది, ఒకే సీటు, చిన్న ఇంజను. ప్యారిస్‌లో ఏరోనాటిక్స్ చదువు 1928లో పూర్తయింది. అంటే మొదటి విమానం ఆ డిగ్రీకి ముందే తయారైంది. ఈ వరుస తారుమారైతే ఆయన ప్రతిభలోని అసలు సంగతే పోతుంది. ఆన్బో-4 1932లో వచ్చింది. ఫొటోలో దీన్ని గుర్తుపట్టడం తేలిక: రెక్క విమానం ఒంటికి అంటదు, పైన కడ్డీల మీద నిలుస్తుంది. ఇది నిఘా విమానం కదా, కింది నేల అడ్డు లేకుండా కనపడాలి. ఆన్బో-41 దీని మెరుగైన రూపమే, 4 తర్వాత 37 రకాలున్నాయని అనుకోకండి.

1934లో మూడు ఆన్బో-4లతో ఆయన నడిపిన యూరప్ యాత్రకు ఒక పేరా పూర్తిగా ఇవ్వండి, అది దక్కాల్సిందే. 1933 నాటి లితువానికా అనే విమానాన్ని మాత్రం ఆయన ఖాతాలో వేయొద్దు. అది అమెరికాలో తయారైన బెలాంకా కంపెనీ విమానం.

లిథువేనియాకు అప్పటి రాజధానిగా కౌనాస్ అని రాయండి. విల్నియస్ ఆ రోజుల్లో పోలండ్ చేతిలో ఉంది.