ఫ్లూ ముసిరినప్పుడు కతోలిక విచారణలో (పారిష్‌లో) ఏం మార్చాలి, ఎలా మార్చాలి?

ఫ్లూ గుడిలోకి ముఖ్యంగా దగ్గే మనిషితోనే వస్తుంది. కాబట్టి బెంచీలు కడగడంతో మొదలుపెట్టకండి. ముందు మేత్రాసనం (బిషప్ కార్యాలయం) నుంచి సూచనలేమైనా వచ్చాయేమో చూసి, ఆ తర్వాత ఈ వరుసలో వెళ్లండి.

1. జబ్బుపడినవాళ్లను రావద్దని బలిపీఠం దగ్గర నుంచే చెప్పండి

నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే సరిపోదు. ఆదివారం పూజ (మాస్) మానితే పాపమనే భయంతో జ్వరంతోనే వచ్చేవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు, చాలామంది. జబ్బు న్యాయమైన కారణమేనని కతోలిక సత్యోపదేశం (సభ బోధల గ్రంథం) 2181వ పేరా చెబుతోంది. ఈ మాట గురువులే (ఫాదర్లే) స్వయంగా అనాలి. జ్వరం మందు వేసుకోకుండానే జ్వరం తగ్గి 24 గంటలు గడిచి, మిగతా బాధలు కూడా తగ్గుముఖం పట్టాకే రమ్మనండి.

ఇదే నియమం గురువులకు, పీఠ బాలలకు (పూజలో సాయం చేసే పిల్లలకు), సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) పంచేవాళ్లకు కూడా. బదులు ఎవరు వస్తారో ముందే రాసిపెట్టుకోకపోతే, ఆదివారం ఉదయం ముక్కు కారుతున్న మనిషే పీఠం ఎక్కాల్సి వస్తుంది.

లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ అంటుతుంది. అందుకే కింది జాగ్రత్తలూ కావాలి.

2. గాలి ఆడనివ్వండి

పూజకు అరగంట ముందు, రెండు పూజల మధ్య కిటికీలు, తలుపులు అన్నీ తెరవండి. బయటి గాలి తీసుకోని ఏసీ, లోపలున్న గాలినే తిప్పుతుంది. స్టాండ్ ఫ్యాన్‌ను సత్ప్రసాద వరుస పొడవునా వీచేలా పెట్టకండి. గాయక బృందం దూరదూరంగా నిలబడాలి, మైకు ఒక్కరి చేతిలోనే ఉండాలి.

3. పవిత్ర జలం తొట్లు ఖాళీ చేయండి

ఆ నీళ్లను మురుగు కాల్వలో పోయకూడదు. సక్రిస్తీలో (పూజ సామాన్ల గదిలో) ఇందుకని ఉండే ప్రత్యేక తొట్టిలోనో, తొక్కని చోట నేలలోనో పోయాలి. తొట్లను సబ్బుతో కడిగి ఆరబెట్టండి. కుళాయి ఉన్న మూత పాత్రలో దీవించిన నీళ్లు ఉంచితే ఎవరి సీసాలో వాళ్లు పట్టుకెళ్తారు.

4. పూజలో మార్పులు

జనానికి పంచే అప్పాలున్న పాత్రకు ప్రసంగం నుంచీ మూత ఉంచండి. గురువు స్వీకరించే అప్పం విడి పళ్లెంలో పెట్టండి.

సమాధానాన్ని పంచుకోమనే పిలుపు తప్పనిసరి కాదు, గురువు వదిలేయవచ్చు. ఉంచితే చేతులు కలపకుండా తల వంచితే చాలు.

జనానికి పాన పాత్ర (ద్రాక్షారసం ఇచ్చే పాత్ర) ఆపేయండి. అప్పంలోనే క్రీస్తు పూర్తిగా ఉన్నాడన్నది శ్రీసభ బోధ కనుక ఎవరికీ ఏదీ తగ్గదు. కొందరు దీనికి బదులుగా ఎవరి అప్పం వాళ్లే పాత్రలో ముంచుకోమంటారు. అది నిషిద్ధం, పైగా వేళ్లు ద్రాక్షారసాన్ని తాకుతాయి. సహపూజకులుగా ఉన్న గురువులు మాత్రం ముంచుకుని స్వీకరించవచ్చు.

పంచేవాళ్లు చేతులు శుభ్రం చేసుకోవాల్సింది పంచడానికి కాస్త ముందు. కానుకల సమయంలో గురువు చేతులు కడుక్కోవడం ఆచారమే తప్ప శుభ్రత కాదు. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌ను 20 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకపోతే అప్పానికి చేదు అంటుతుంది. సీసాను కొవ్వొత్తులకు దూరంగా పెట్టండి, ఆ ఆవిరి మండుతుంది.

నాలుక మీద స్వీకరించే హక్కు విశ్వాసులకు ఉందని 2004లో వాటికన్ ఇచ్చిన ఆదేశపత్రం చెబుతోంది. విచారణ తనంతట తాను దాన్ని రద్దు చేయకూడదు. అలా స్వీకరించేవాళ్లను చివర రమ్మని కోరండి. వేలికి ఉమ్ము తగిలితే ఆగి, చేతులు శుభ్రం చేసుకున్నాకే తర్వాతి వ్యక్తికి ఇవ్వాలి.

కానుకల సంచి చేతులు మారకుండా ద్వారం దగ్గర పెట్టె పెట్టండి.

5. రోగుల దగ్గరికి వెళ్లేటప్పుడు

అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూయడం) గురువు చేత్తోనే చేయాలి. అయితే బలమైన కారణం ఉంటే సాధనం వాడవచ్చని శ్రీసభ చట్టం 1000వ సూత్రం అనుమతిస్తుంది. ఒక్కో రోగికి కొత్త దూది వాడి, తర్వాత దాన్ని కాల్చేయాలి. దూదిని తైలపు సీసాలో రెండోసారి ముంచకూడదు, ముంచితే సీసా మొత్తం కలుషితమవుతుంది. మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిపించి వెళ్లండి. ఇరుకైన పాపసంకీర్తనపు (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే) గది కూడా ఇప్పుడు పనికిరాదు. మాటలు బయటికి వినబడని, గాలి ఆడే చోటు చూడండి.

6. చివరగా శుభ్రం

గట్టి ఉపరితలాల మీద వైరస్ 24 నుంచి 48 గంటల వరకు బతుకుతుంది. తలుపు పిడులు, బెంచీల అంచులు, మైకు చాలు. గోడల మీద మందు చల్లడం వృథా ఖర్చు. 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లకు 980 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి తుడిచి, ఒక నిమిషం తడిగా ఉంచండి. అందులో యాసిడ్ గానీ అమ్మోనియా గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది. పూత ఉన్న పాత్రలకు బ్లీచ్ తగలనివ్వకండి, పూత పాడవుతుంది. వాటికి గోరువెచ్చని సబ్బు నీళ్లు చాలు. పాన పాత్ర తుడిచే గుడ్డను ప్రతి పూజకూ మార్చండి. మొదట జాడించిన నీటిని ప్రత్యేక తొట్టిలో పోశాకే గుడ్డను మిషన్‌లో వేయండి.