మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యే ముందు: పెళ్లి గుర్రానికి జాగ్రత్తలు

మూఢం రోజుల్లో విశాఖలో పెళ్లి గుర్రాలకు పని ఉండదు. కొట్టంలో కట్టేసి ఉంటాయి, దాణా మాత్రం ఎప్పటిలాగే పడుతుంది. ముహూర్తాలు రాగానే వరుసగా మూడు నాలుగు రాత్రులు ఊరేగింపులు. గుర్రం కండలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువగా ఈ మలుపులోనే ఉంటుంది. చూసినవాళ్లు ఎండదెబ్బ అంటారు, దిష్టి అంటారు. అసలు లోపం చాలాసార్లు దాణా లెక్కలోనే దొరుకుతుంది.

కండ కదలడానికి కావాల్సిన ఏటీపీ అనే ఇంధనం కొన్ని సెకన్లకు సరిపడానే సిద్ధంగా ఉంటుంది. మిగతాది కండ ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. మామూలు నడకలో ఆక్సిజన్ బాగా అందుతుంది కాబట్టి ఎక్కువగా కొవ్వే కరుగుతుంది, ఆ నిల్వ తొందరగా తరగదు. వేగం పెరిగినా, ఆర్కే బీచ్ పొడి ఇసుకలో కాళ్లు దిగబడినా కండ తనలో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్ మీద పడుతుంది. టపాసులకు, డీజే మోతకు బెదిరితే నిలబడ్డ చోటే అడ్రినలిన్ ఎగసి గ్లైకోజెన్ కరిగిపోతుంది. అందుకే మెల్లగా సాగిన ఊరేగింపు కూడా గుర్రాన్ని అలిసేలా చేస్తుంది.

ఖాళీ అయిన ఈ గ్లైకోజెన్ నిల్వ మనిషికి కడుపునిండా అన్నం తింటే ఒక రోజులో దాదాపుగా నిండుతుంది. గుర్రానికి రెండు మూడు రోజులు పడుతుంది. రాత్రికి రాత్రి గంపెడు గుగ్గిళ్లు పెట్టినా తెల్లారేసరికి నిండదు. పైగా ఎక్కువైన పిండిపదార్థం పెద్దపేగులో పులిసి కడుపునొప్పి తెస్తుంది, గిట్టల్లో వాపు తెస్తుంది. కాబట్టి బాగా చెమటలు పట్టిన రాత్రి తర్వాత కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు బుకింగ్ ఒప్పుకోకండి. ఆ రోజుల్లో కూడా ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున నడిపించాలి. కట్టేసి ఉంచడం గుర్రానికి విశ్రాంతి కాదు.

దాణా సంగతి కొంచెం వివరంగా చూద్దాం. 350 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 7 కిలోల మంచి ఎండుగడ్డి తప్పనిసరి, ఉత్త వరిగడ్డితో సరిపెట్టకండి. గింజ దాణా ఒక పూటకు కిలోన్నర దాటకూడదు. పని లేని రోజున సగం చేయండి, అదీ పని ఆగిన రోజు నుంచే. నాలుగు రోజులు ఆగి తగ్గిస్తే ప్రయోజనం లేదు. మళ్లీ పెంచేటప్పుడు ముందు పని పెరగాలి, తర్వాతే దాణా. ఊరేగింపుకు మూడు గంటల ముందే గింజ దాణా అయిపోవాలి. గింజ తినగానే ఇన్సులిన్ పెరుగుతుంది, కొవ్వు కరగడం తగ్గుతుంది, భారమంతా గ్లైకోజెన్ మీద పడుతుంది. ఆ తర్వాత కావాలంటే కాస్త గడ్డి వేయొచ్చు. బలం కోసం గింజ పెంచే బదులు తవుడు నూనె రెండు చెంచాలతో మొదలుపెట్టి రెండు వారాల్లో రోజుకు 100 మిల్లీలీటర్లకు తీసుకెళ్లడం మేలు.

మూడు వారాలు కట్టేసి ఉన్న గుర్రాన్ని మొదటి ముహూర్తానికి కనీసం పది పన్నెండు రోజుల ముందే పనిలోకి దించాలి. మొదట 20 నిమిషాల నడక, రెండు రోజులకోసారి పది నిమిషాలు పెంచుతూ పోవాలి. బీచ్‌లో నడిపిస్తే అల తడిపి గట్టిపడిన ఇసుక మీదే నడిపించండి. పెళ్లికొడుకు, జీను, అలంకారం అన్నీ కలిపి గుర్రం బరువులో ఐదోవంతు దాటకూడదు, అంటే 350 కిలోల గుర్రానికి 70 కిలోలు. బుకింగ్ తీసుకునేటప్పుడే పెళ్లికొడుకు బరువు అడగడానికి మొహమాటపడకండి.

ఇక విశాఖ ఉక్కపోత. కండలో ఖర్చయ్యే శక్తిలో ముప్పావు వంతుకు పైగా వేడిగానే బయటికొస్తుంది, అది పోవడానికి ప్రధానమైన దారి చెమట. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు, వేడి లోపలే ఉండిపోతుంది. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు తేమ శాతం కలిపి చూడండి. మే నెల సాయంత్రం 90 డిగ్రీలు, 75 శాతం ఉంటే మొత్తం 165 అవుతుంది. 150 దాటితే జాగ్రత్త పడాలి, 180 దాటితే జీను వేయకూడదు. గుర్రం చెమటలో మనకంటే ఉప్పు చాలా ఎక్కువ. రోజూ 25 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి, చెమట పట్టిన రోజు ఇంకో రెండు చెంచాలు. ఉప్పు పెట్టినప్పుడు ఎదురుగా నీళ్లు ఉండి తీరాలి. వేడి మీదున్న గుర్రానికి నీళ్లు పట్టకూడదన్నది అపోహ, తాగనివ్వండి. ఒళ్లంతా ఆపకుండా చల్లటి నీళ్లు పోయండి, తడిగుడ్డ మాత్రం కప్పి ఉంచొద్దు.

పని ఆగిన పావుగంటకు గుండె నిమిషానికి 60 కొట్టుకునే స్థాయికి దిగాలి. దవడ కింద నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. మలద్వారంలో పెట్టిన థర్మామీటరు 105 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే నీళ్లు పోస్తూనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

బిగుసుకుపోయిన గుర్రం అడుగు చిన్నదిగా వేస్తుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది, తర్వాత కదలనంటుంది. పిరుదుల మీద చెయ్యి వేస్తే కండ చెక్కలా తగులుతుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. నేల మీద ఆరిన మరకను నమ్మకండి, మామూలు మూత్రం కూడా ఆరాక ఎరుపెక్కుతుంది. పడుతుండగానే చూడాలి. ఆ రంగు చితికిన కండ నుంచి వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలాంటప్పుడు నడిపిస్తే సర్దుకుంటుందని లాక్కెళ్లకండి, ప్రతి అడుగూ ఇంకొంత కండను చితకగొడుతుంది. ఉన్నచోటే జీను విప్పి, నీడలో నిలబెట్టి, నీళ్లు పెట్టండి. గింజ దాణా ఆపేయండి. నొప్పి సూది సొంతంగా వేయొద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మందులు కూడా మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి. 1962 పశు అంబులెన్స్ నంబరుతో పాటు, గుర్రానికి సెలైన్ ఎక్కించగల వెటర్నరీ డాక్టరు నంబరు ఒకటి ముందే ఫోన్‌లో ఉండాలి. కోలుకున్నాక రక్తంలో సీకే (కండ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) పరీక్ష చేయించి, అది మామూలు స్థాయికి వచ్చేదాకా బుకింగ్‌లకు ఆ గుర్రాన్ని పక్కన పెట్టండి.