పాత కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్: దరఖాస్తు ఎలా చేయాలి, చాసిస్ నంబర్ దగ్గర ఎందుకు ఆగిపోతోంది

యాభై ఏళ్లు దాటిన కారో స్కూటరో ఇంట్లో ఉన్నవాళ్లు వింటేజ్ రిజిస్ట్రేషన్ కోసం ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం, గేటు బయట ఏజెంటు చేతిలో పడి డబ్బులు పోగొట్టుకోవడం ఈ మధ్య చాలానే చూస్తున్నా. నిజానికి ప్రొసీజర్ పెద్దదేం కాదు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటు గురించే ఎక్కువ రాస్తా, మిగతాది గబగబా చెప్పేస్తా.

ముందు అసలు మీకు ఇది కావాలో వద్దో తేల్చుకోండి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 81ఏ నుంచి 81జీ వరకు కొత్తగా చేర్చారు, వింటేజ్ బండ్లన్నీ వాటి కిందకే వస్తాయి. సొంత వాడకానికి ఉన్న టూవీలర్లు, కార్లు, 50 ఏళ్లు దాటి ఉండాలి. ఆ 50 ఏళ్లు లెక్కపెట్టేది మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ నుంచి, తయారైన ఏడాది నుంచి కాదు. 1975లో తయారైన పద్మిని కారు 1976 జూన్‌లో రిజిస్టర్ అయ్యుంటే 2026 జూన్ దాటాకే అర్హత వస్తుంది, అంతకుముందు వెళ్తే వెనక్కి పంపేస్తారు.

ఇంకో మాట ఏజెంట్లెవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. వింటేజ్ కింద రిజిస్టర్ అయిన బండిని రోజువారీ పనులకి రోడ్డు మీద తిప్పకూడదు, కిరాయికి అసలే తిప్పకూడదు. ఎగ్జిబిషన్‌కి, వింటేజ్ ర్యాలీకి, టెక్నికల్ రీసెర్చ్‌కి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని అలా ఊరి బయటికి వెళ్లొద్దాం అనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, వాళ్లు మామూలు ఆర్సీనే ఫామ్ 25 పెట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే సరిపోతుంది. 15 ఏళ్లు దాటిన బండి తుక్కుకి వెళ్లాల్సిందే, వింటేజ్ చేయించకపోతే లాక్కెళ్తారు అని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు, ఫిట్‌గా ఉన్న బండికి రెన్యువల్ ఉంది.

కావాలి అనుకుంటే దరఖాస్తు రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్‌లో ఫామ్ 20 మీద. దాంతోపాటు ఇన్సూరెన్స్ పాలసీ, ఫీజు, ఇదివరకే రిజిస్టర్ అయిన బండి అయితే ఆర్సీ, విదేశం నుంచి తెప్పించింది అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దిగుమతి కాగితం. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోడానికి 5,000. పాత నంబరు పోతుందేమో అని చాలామంది బెంగ పెట్టుకుంటారు, పోదు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబరే ఉంచుతారు. కొత్తగా రిజిస్టర్ చేసే వాటికే రాష్ట్రం కోడ్, తర్వాత వీఏ, రెండక్షరాల సిరీస్, నాలుగంకెల నంబరు ఇస్తారు.

బండి ఒరిజినల్‌గా ఉండాలి అని రూల్‌లో ఉంది. దీనికి కంగారు పడి టైర్లు మార్చాం, బ్రేక్ షూలు మార్చాం, వైరింగ్ కొత్తది వేయించాం అని వెనకాడకండి, అవి మెయింటెనెన్స్. రూల్ అడ్డు చెప్పేది చాసిస్ (బండి కింది ఫ్రేము), బాడీ షెల్, ఇంజిన్ మార్చేయడం గురించి. పెట్రోలు అంబాసిడర్‌కి ఎప్పుడో డీజిల్ ఇంజిన్ ఎక్కించిన బండ్లు మన దగ్గర ఇప్పటికీ తిరుగుతున్నాయి, అలాంటిదైతే దరఖాస్తు పెట్టకముందే ఆలోచించుకోండి, ఫీజు కట్టాక కాదు.

ఇక అసలు చిక్కు చాసిస్ నంబరు, అంటే బండి లోహం మీద కొట్టి ఉండే గుర్తింపు నంబరు. ఫామ్ 20 మీద చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు) అంటించాలి, అది ఆర్సీలో ఉన్నదాంతో అక్షరం అక్షరం కలవాలి. పాత ఆర్సీ అంటే గుమాస్తా చేత్తో రాసిన పుస్తకం. 3 కాస్తా 8 లాగా, 1 కాస్తా 7 లాగా కనిపిస్తుంది, నంబరు ముందున్న అక్షరాలు వదిలేసి ఉంటారు, కొన్నింట్లో అయితే ఇంజిన్ నంబరు తెచ్చి చాసిస్ గడిలో రాసేశారు. బండి మీద చూద్దామంటే యాభై ఏళ్లలో నాలుగైదు సార్లు పెయింటు పడి అంకెలు పూడుకుపోయి ఉంటాయి.

అందుకని అన్నిటికంటే ముందు ఈ పని చేయండి. బానెట్ కింద రివెట్లతో బిగించిన ప్లేటు ఒకటే చూసి ఊరుకోవద్దు, లోహం మీద పంచ్ కొట్టిన నంబరు వెతకండి, ఎక్కడుంటుందో ఆ మోడల్ మీద చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌ని అడిగితే వెంటనే చూపిస్తాడు. దాని మీద పెయింట్ రిమూవర్ రాసి, పొంగాక మెత్తటి గుడ్డతో తుడవండి, అంకెల సందుల్లో మిగిలింది టూత్‌బ్రష్‌తో తీయండి. గ్రైండర్, వైర్ వీల్, ఎమరీ పేపర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. పంచ్ లోతు చాలా తక్కువ, ఒక్కసారి అరిగితే ఇక అంతే, పైగా చూసేవాళ్లకి నంబరు చెరిపినట్టే అనిపిస్తుంది. శుభ్రమయ్యాక సన్నటి తెల్ల కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌ని మొనతో కాకుండా పక్కవాటుగా రుద్దండి, నాలుగు కాపీలు తీసి పెట్టుకోండి. టార్చి పక్కనుంచి కొడితే అంకెల్లో నీడ పడుతుంది, అప్పుడు ఫోటో తీయండి. చివర్లో కాస్త గ్రీజు పూస్తే తుప్పు పట్టదు, ఇన్‌స్పెక్షన్ రోజు తుడిచేస్తే చాలు.

నంబరు ఆర్సీతో కలవకపోతే భయపడాల్సిన పని లేదు. బండి మొదట రిజిస్టర్ అయిన ఆఫీసులో బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ కోసం, అంటే బండ్ల వివరాలు రాసి ఆఫీసులో ఉంచుకునే రిజిస్టర్ నకలు కోసం అర్జీ పెట్టండి. జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆ రిజిస్టర్ మీ ఇప్పటి ఆఫీసులో కాకుండా పాత జిల్లా కేంద్రంలో ఉండొచ్చు, అక్కడే అడగాలి. రిజిస్టర్‌లో సరిగ్గా ఉండి ఆర్సీలో తప్పుంటే అది రాతలో పొరపాటు, దిద్దించుకోవచ్చు. రిజిస్టర్‌లోనే తప్పుంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి రిపోర్టు రాయాలని రాతపూర్వకంగా అడగండి, టైం పడుతుంది గానీ దారి ఉంది. రికార్డు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమనండి, అంటే పాత రికార్డుని కంప్యూటర్‌లోకి ఎక్కించమనండి, అది అయ్యేదాకా పోర్టల్ మీ నంబరు తీసుకోదు.

సరిగ్గా ఇక్కడే ఏజెంటు వచ్చి "సార్, నంబరు మనమే కొట్టించేద్దాం, ఒక్క పూట పని" అంటాడు. లేదా తుక్కైపోయిన అదే మోడల్ బండి ఆర్సీ ఒకటి తెచ్చి ఇది మీ బండికి పెట్టేద్దాం అంటాడు. ఈ రెండూ నేరాలే. దొరికితే బండి పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండి వానకి తడుస్తుంది, కేసు మీ పేరు మీద నడుస్తుంది, ఏజెంటు ఫోన్ ఎత్తడు. ఎంత ఆలస్యమైనా సరే, దయచేసి ఆ పని చేయకండి.

పేరు విషయం కూడా చూసుకోండి. ఆర్సీ ఇంకా తాతగారి పేరు మీదో నాన్నగారి పేరు మీదో ఉంటే ముందు ఫామ్ 31తో మీ పేరుకి మార్చుకోవాలి, డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదనే అఫిడవిట్ కావాలి. అక్కచెల్లెళ్ల సంతకాలు ముందే అడిగి పెట్టుకుంటే మంచిది. కొన్న బండి అయితే ఫామ్ 29, 30. ఆర్సీ పోయుంటే పోలీస్ కంప్లయింట్ ఇచ్చి ఫామ్ 26తో డూప్లికేట్ తీసుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఒరిజినల్ ఆర్సీతో కలిపి ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా పెన్సిల్ ప్రింట్‌లో ఉన్న నంబరే వేయించండి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత రాష్ట్రం నియమించిన నోడల్ ఆఫీసర్ దరఖాస్తు చూస్తారు, ఒక కమిటీ బండిని పరిశీలించి వింటేజ్ అవునో కాదో చెప్తుంది. రూల్ ప్రకారం 60 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. దాటితే దరఖాస్తు నంబరు వేసి ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి, నోటిమాటగా అడిగితే రేపు రండి అనే అంటారు. కమిటీ చూసే రోజున పాత సర్వీస్ బిల్లులు, పార్టుల రసీదులు, బండి పాత ఫోటోలు ఉంటే పట్టుకెళ్లండి, ఎవరూ అడగకపోయినా ఒరిజినల్ అని చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి.

రేపు ఎప్పుడైనా బండి అమ్మాల్సి వస్తే వింటేజ్ అయినా అమ్ముకోవచ్చు, కాకపోతే అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఇద్దరూ 90 రోజుల్లోపు తమ రాష్ట్ర రవాణా శాఖకి తెలియజేయాలి. అవతలివాళ్లు చెప్పుకుంటార్లే అని వదిలేయకుండా మీ వైపు నుంచి మీరు ఇచ్చేసి, రసీదు దాచుకోండి.