పులికాట్ గట్టు మీద నింపాదిగా సైకిల్: ఎప్పుడు బయల్దేరాలి, ఏం పట్టుకెళ్లాలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. అందులో చాలా భాగం పులికాట్ సరస్సు మధ్యలో వేసిన గట్టు మీదే సాగుతుంది. ఎక్కడా ఎత్తు ఎక్కే పని లేదు. తొందరపడకుండా సైకిల్ తొక్కుతూ పక్షుల్ని చూడాలనుకునే చెన్నై వాళ్లకి దగ్గర్లో ఇంతకంటే మంచి రోడ్డు లేదు. దూరం చూసి తేలికే కదా అని ఎండెక్కాక బయల్దేరితే మాత్రం గాలి, ఎండ రెండూ మీదపడతాయి. అందుకే ఈ రోడ్డుకి ఒక పద్ధతి పెట్టుకోవాలి: పోయేటప్పుడు ఆగకుండా పోవడం, వచ్చేటప్పుడు చూసుకుంటూ రావడం.

కారణం ఇదీ. పోయేది తూర్పుకి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఆ పైన గంటసేపు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, నీళ్లలో ఉన్న పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయే తప్ప రంగు తెలియదు. వెనక్కి తిరిగితే వెలుగు మీ వీపు మీద ఉంటుంది, రాజహంసల (ఫ్లెమింగోల) రెక్కల్లో గులాబీ రంగు అప్పుడు తెలుస్తుంది. గాలి లెక్క కూడా అంతే. చలికాలంలో ఇక్కడ వీచేది ఈశాన్యపు గాలి. తెల్లవారుజామున నెమ్మదిగా ఉండి, తొమ్మిది దాటాక పుంజుకుంటుంది. పొద్దున్నే తూర్పుకి పోతే ఎదురుగాలి తక్కువ, తిరిగొచ్చే వేళకి అదే గాలి వెనక నుంచి తోస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్యాహ్నం లేచే సముద్రపు గాలి కూడా తూర్పు వైపు నుంచే వస్తుంది కాబట్టి పద్ధతి మార్చాల్సిన అవసరం లేదు.

కాబట్టి ఆరుంబావుకల్లా సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి దగ్గర్నుంచి కదలండి. గంటకి 15 కిలోమీటర్ల చొప్పున తొక్కినా ఏడుంబావు, ఏడున్నరకి దారిలో వచ్చే అటకానితిప్ప దాటి ఉంటారు. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) గేటు అవతలికి అనుమతి లేనివాళ్లని పోనివ్వరు. గేటు దాకా పోయి అక్కడ ఫొటోలు తీయబోకండి, ముందే వెనక్కి తిరగండి. అక్కడి నుంచి తొమ్మిదిన్నర వరకు ఆగుతూ, చూస్తూ రావచ్చు. పది దాటితే నీటి మీద ఎండ వేడికి గాలి అలలుగా కదులుతుంది, ఎంత మంచి బైనాక్యులర్ అయినా పక్షి మసకగానే కనిపిస్తుంది.

ముందురోజు రాత్రి వాతావరణ సూచనలో గాలి వేగం చూడండి. గంటకి 12 కిలోమీటర్ల లోపు ఉంటే హాయి. 20 ఉంటే ఎదురుగాలిలో మీ వేగం పదికి పడిపోతుంది, గంట ప్రయాణం గంటన్నర అవుతుంది. 25 దాటితే గట్టు సగం దాకా పోయి తిరిగి రావడమే మంచిది.

పక్కగాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తూర్పుకి పోతున్నప్పుడు ఈశాన్యపు గాలి మీ ఎడమ ముందు వైపు నుంచి కొడుతుంది, అంటే మిమ్మల్ని రోడ్డు మధ్యకి తోస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి కుడి వెనక నుంచి వస్తుంది. దాన్ని ఆపుకోవడానికి మీకు తెలియకుండానే కుడికి కొద్దిగా ఒరుగుతారు. అప్పుడు బస్సు మిమ్మల్ని దాటిందనుకోండి, ఒక్క క్షణం గాలి ఆగిపోతుంది, ఒరిగి ఉన్న సైకిల్ బస్సు వైపుకి జరుగుతుంది. బస్సు పోగానే గాలి మళ్లీ కొట్టి మార్జిను వైపు నెట్టేస్తుంది. అందుకని వెనక పెద్ద బండి చప్పుడు వినగానే మోచేతులు వదులుగా వంచి, హ్యాండిల్‌ని గట్టిగా బిగించకుండా పట్టుకుని, తారు అంచు నుంచి ముప్పావు మీటరు లోపలికి ఉండి తొక్కండి. అంచు మీదే పోతే గాలి నెట్టినప్పుడు జరగడానికి చోటుండదు. పొద్దునపూట షార్ ఉద్యోగుల బస్సులు తిరుగుతాయి, ఆ డ్రైవర్ల కళ్లలోనూ ఎండే. వెనక ఎర్ర లైటు పట్టపగలైనా వెలుగుతూనే ఉండాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ రోడ్డు జోలికి పోవద్దు.

నెలల మాటకొస్తే డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల దాకా. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. కాళంగి నది పొంగితే సూళ్లూరుపేట దగ్గర హైవే మీదికే నీళ్లొస్తాయి.

చెన్నై నుంచి హైవే మీద తొక్కుకుంటూ రావడం కుదురుతుంది కానీ మేము వద్దంటాం. గుమ్మిడిపూండి దాకా కంటైనర్ లారీలు, ఫ్యాక్టరీల బండ్లు, దుమ్ము. నింపాది ప్రయాణానికి అది తగిన రోడ్డు కాదు. సైకిల్‌ని కారు వెనక కట్టుకుని రండి. లేదా సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కండి. మడిచే సైకిల్ సంచిలో పట్టుకుంటే ఇబ్బంది ఉండదు. మామూలు సైకిలైతే సామాను టికెట్ సంగతి స్టేషన్లో ముందే కనుక్కుని, ఆఫీసుల రద్దీ మొదలవకముందే మధ్యాహ్నం బండికి వచ్చేయండి. ఎలా వచ్చినా ముందురోజు రాత్రి ఊళ్లో లాడ్జిలో పడుకుంటేనే పొద్దున ఆరింటికి కదలగలరు.

సైకిల్ ఏదైనా పర్వాలేదు, టైరు మాత్రం 32 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పుండాలి. 70 కిలోల మనిషి, ఏడెనిమిది కిలోల సామాను, 35 మిల్లీమీటర్ల టైరు అనుకుంటే ముందు 45, వెనక 55 పీఎస్ఐ గాలి సరిపోతుంది. గట్టిగా ఉంటే వేగం పెరుగుతుందని 80 దాకా కొట్టిస్తే గతుకుల్లో మణికట్లు నొప్పి పెట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. సామాను వీపు మీద కాకుండా క్యారియర్‌కి రెండు వైపులా సమానంగా, బరువైనవి అడుగున ఉండేలా కట్టండి. పైన ఎత్తుగా కట్టిన మూట పక్కగాలికి తెరచాపలా పనిచేస్తుంది.

ఇక్కడ పంక్చర్ అంటే దాదాపు ఎప్పుడూ సర్కారు తుమ్మ ముల్లే. గట్టు మీద వేరే నీడ లేదు కాబట్టి అందరూ ఆ చెట్టు కిందే సైకిల్ ఆపుతారు, పది నిమిషాలయ్యాక టైరు మెత్తబడి ఉంటుంది. సైకిల్‌ని తారు మీదే దిగి, మోసుకెళ్లి పెట్టండి, మార్జిన్లో దొర్లించకండి. ముల్లు గుచ్చుకుంటే పైకి కనిపించేది విరిగిపోతుంది, మొన మాత్రం టైరులోపలే ఉండిపోతుంది. ట్యూబు మార్చి గాలి కొట్టి బయల్దేరితే రెండు కిలోమీటర్లలో కొత్త ట్యూబూ పోతుంది. కాబట్టి తీసిన ట్యూబులో వాల్వు నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో చూసుకుని, టైరులో సరిగ్గా అదే చోట లోపలివైపు గుడ్డముక్కతో తుడవండి. గుడ్డ పీచు తగులుకున్న దగ్గర మొన ఉంటుంది. దాన్ని పట్టకారుతో లాగండి. ట్యూబ్‌లెస్ వాళ్లయితే ఒక్కో టైరులో 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) తాజాగా పోసుకుని రండి. ఎండిపోయిన సీలెంట్ ముల్లు ముందు పనిచేయదు.

రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, చేతిపంపు తప్పనిసరి. ఊరి పంక్చర్ షాపులో 700 సైజు ట్యూబు దొరకదు. సన్నటి ప్రెస్టా వాల్వుకి అక్కడి పంపు పట్టదు. దాని మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తగిలించి ఉంచండి, అప్పుడు మోటారు సైకిళ్లకి గాలి కొట్టే గొట్టంతోనే పని అయిపోతుంది.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు సూళ్లూరుపేటలోనే నింపుకోండి. గట్టు మీద నీళ్లు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. లీటరులో ఒక ఓఆర్ఎస్ పొట్లం పూర్తిగా కలపాలి, సగం సగం వేయకూడదు. తిండికి పులిహోర, పల్లీ చిక్కీ, అరటిపళ్లు. దద్దోజనం ఎండకి పులుస్తుంది కాబట్టి తెస్తే ఎనిమిదిలోపే తినేయండి.

ఇక పక్షులు. పులికాట్‌లో రాజహంసలు గుడ్లు పెట్టవు, మేతకి వస్తాయి. లోతు తక్కువ నీళ్లలో తల తిరగేసి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి. ఒక్కసారి గుంపు లేచిందంటే ఆ పూట మేత పోయినట్టే. తలలు పైకెత్తి, అన్నీ ఒకే వైపు నడవడం మొదలుపెడితే మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. లేచేదాకా ఆగకుండా అప్పుడే వెనక్కి జరగండి. దగ్గరి ఫొటో కోసం గట్టు దిగకండి. ఎండి పగిలినట్టు కనిపించే నేల కింద మోకాలి లోతు మెత్తటి బురద ఉంటుంది. 8×42 బైనాక్యులర్ ఉంటే రోడ్డు మీంచే అన్నీ కనిపిస్తాయి.

ఇంకో రోజు ఉంటే సూళ్లూరుపేటకి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు. 1976లో ఏర్పాటైన పక్షి కేంద్రం. గూడబాతులు చెరువులో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. అక్కడికి పోవడానికి హైవే తప్పదు, కాబట్టి మార్జిన్లోనే పోవాలి. సైకిల్ గేటు దగ్గరే వదిలి నడవాలి. గూళ్లలో పిల్లలున్నప్పుడు చప్పుడు అసలు చేయకూడదు. చెన్నై నుంచి అంత దూరం వద్దనుకుంటే పొన్నేరి స్టేషన్లో దిగి పొలాల మధ్య నుంచి పళవేర్కాడు (పులికాట్) ఊరికి సుమారు 20 కిలోమీటర్లు, అక్కడ 17వ శతాబ్దపు డచ్చివాళ్ల సమాధులు చూడొచ్చు. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు, గడ్డి ఆరబోస్తారు. వాటి మీద తొక్కితే జారుతుంది, గడ్డి గేర్లు మార్చే డిరైలర్లో చుట్టుకుంటుంది. దిగి పక్కనుంచి నడిపించండి.

ఇంటికి రాగానే సైకిల్ కడగడం రేపటికి వాయిదా వేయకండి. ఉప్పుగాలి తగిలిన చైను తెల్లారేసరికి తుప్పు రంగు తేలుతుంది. బకెట్ మంచినీళ్లతో మెల్లగా కడగాలి, ప్రెషర్ పంపు కొడితే బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. చైను, స్పోకుల మొదళ్లు, బ్రేకు బోల్టులు, వాల్వు మీది ఇత్తడి అడాప్టర్ గుడ్డతో తుడిచి, అరగంట నీడలో ఆరనిచ్చి, చైను ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. సీటు గొట్టం బయటికి తీసి గ్రీజు పూసి మళ్లీ పెట్టండి. అల్యూమినియం గొట్టం, ఫ్రేము మధ్య ఉప్పు చేరి బిగుసుకుపోతే తర్వాత రంపంతో కోయాల్సి వస్తుంది.