ఫోర్ట్ కాలిన్స్‌లో బ్రూపబ్‌కి వెళ్తున్నారా? ఏం అడగాలి, ఎంత తాగాలి, ఇంటికి ఎలా చేరాలి

బ్రూపబ్ అంటే బార్ కాదు, ముందు ఈ సంగతి బుర్రలోకి ఎక్కించుకోండి. బీరు, భోజనం రెండూ అక్కడే తయారుచేసి అక్కడే వడ్డించే హోటల్ అది. అక్కడ కాచిన బీరులో కనీసం నాలుగోవంతు ఆ కప్పు కిందే అమ్ముడుపోవాలి, వంటగది కూడా పేరుకి కాకుండా గట్టిగా నడవాలి, అప్పుడే దాన్ని బ్రూపబ్ అంటారు అమెరికాలో. అంటే మీరు తాగే బీరు చాలాసార్లు ఆ ఊళ్లో ఆ ఒక్క చోటే దొరుకుతుంది. మన ఊళ్లో ఫలానా మెస్‌లో చేపల పులుసు బాగుంటుందని పనిగట్టుకుని వెళ్తాం చూడండి, అలా వెళ్లాల్సిన చోటు ఇది. తాగి పడిపోదామని వెళ్తే డబ్బులు దండగ.

ఇక్కడ చెప్పేదంతా కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ గురించి. డెన్వర్‌కి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్లు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరు, మాస్టర్స్ కోసం మనవాళ్లూ వస్తుంటారు, వాళ్లని చూడ్డానికి అన్నలు, బావలు, పాత రూమ్మేట్లు వస్తుంటారు. ఇదే ఊళ్లో 1969 దాకా మద్యనిషేధం ఉండేదంటే ఇప్పుడు చూసినవాళ్లెవరూ నమ్మరు. 1989లో ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో కూపర్‌స్మిత్స్ అనే బ్రూపబ్ తెరిచారు, అదే ఏడాది ఓడెల్ బ్రూవరీ, 1991లో న్యూ బెల్జియం మొదలయ్యాయి. పూడర్ నది నుంచి, హార్స్‌టూత్ రిజర్వాయర్ నుంచి వచ్చే కొండమంచు నీళ్లు ఈ ఊరికి పెద్ద వరం. బీరులో తొంభై శాతం పైన నీళ్లే కదా. ఓడెల్, న్యూ బెల్జియం పెద్ద బ్రూవరీలు, వాటి టేస్టింగ్ రూములు వేరే రకం అనుభవం. మొదటిసారి వెళ్లేవాళ్లకి మాత్రం నేను కూపర్‌స్మిత్సే చెప్తాను, ఎందుకంటే తాగనివాళ్లు కూడా పక్కన కూర్చుని కడుపునిండా తినగలరు.

ఐడీ లేకుండా బయల్దేరకండి. తాగడానికి 21 నిండి ఉండాలి, జుట్టు నెరిసినవాళ్లని కూడా అడుగుతారు, అది వాళ్ల ఉద్యోగం కాబట్టి చిన్నబుచ్చుకోవద్దు. ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ మీద నమ్మకం పెట్టుకోకండి, పాస్‌పోర్ట్ గానీ కొలరాడో ఐడీ గానీ ఉండాలి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు రాష్ట్ర ఐడీ కార్డు ఒకటి తీసుకుంటే పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని తిరిగే టెన్షన్ తప్పుతుంది. బ్యాచ్‌లో 21 నిండని తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లని భోజనానికి తీసుకెళ్లొచ్చు, కానీ ‘ఒక్క సిప్పే కదా’ అని మీ గ్లాసు వాళ్ల వైపు జరపకండి. అది మీకూ, ఆ హోటల్‌కీ ఇద్దరికీ కేసు అవుతుంది.

వారం మధ్యలో, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి. సర్వర్‌కి మీతో మాట్లాడే తీరిక ఉండేది అప్పుడే, ఆ మాటల కోసమే నేను ఈ టైమ్ చెప్తున్నాను. క్యాంపస్‌లోని కాన్వాస్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం మాత్రం ఓల్డ్ టౌన్ వైపు చూడకండి, టేబుల్ దొరకదు, దొరికినా పక్కవాడి మాట వినపడదు.

ఇప్పుడు అసలు విషయం, ఆర్డర్. కూర్చోగానే పైంట్ చెప్పేయకండి. పైంట్ అంటే 16 ఔన్సులు, దాదాపు 473 మిల్లీలీటర్లు, నచ్చకపోతే అంతా మీ ముందే ఉంటుంది. ఫ్లైట్ అడగండి, అంటే నాలుగైదు రకాలు చిన్న చిన్న గ్లాసుల్లో ఒక చెక్క పలక మీద పెట్టి తెస్తారు, ఒక్కో గ్లాసు నాలుగైదు ఔన్సులు ఉంటుంది. ఫ్లైట్ వద్దు, ఒక్కటే తాగుతాను అనుకుంటే ‘ఇది కొంచెం రుచి చూడొచ్చా’ అని అడగండి, ఒక గుక్క పోసి ఇస్తారు. మనకి మొహమాటం ఎక్కువ, ఊరికే ఎలా అడుగుతాం అనుకుంటాం, అక్కడ అది మామూలు విషయం, పైగా అడిగినవాడికి బీరు మీద ఇష్టం ఉందని వాళ్లకి అర్థమవుతుంది. మెనూలో చూడాల్సింది రెండే అంకెలు. ఏబీవీ అంటే ఆల్కహాల్ శాతం, ఐబీయూ అంటే చేదు. కింగ్‌ఫిషర్ అలవాటున్న నాలుకకి ఐబీయూ 20 లోపు హాయిగా ఉంటుంది, 60 దాటితే కాకరకాయ తినేవాళ్లకే. ఏబీవీ ఇంకా ముఖ్యం. 5 శాతం ఉన్న 12 ఔన్సుల బీరుని ఒక డ్రింక్ కింద లెక్కేస్తారు, అదే 7.5 శాతం ఉన్న ఐపీఏ అనే చేదు రకం బీరు ఒక పైంట్ తాగితే లెక్కకి రెండు డ్రింకులు అయిపోయినట్టే. ఒక్క గ్లాసే కదా తాగాను అనే మాట ఇక్కడ చెల్లదు.

ఫ్లైట్‌లో తేలికది ముందు, చేదుది తర్వాత, నల్లది ఆ తర్వాత తాగండి. కూపర్‌స్మిత్స్‌లో మాత్రం ఇంకొకటి అన్నిటికన్నా చివర పెట్టుకోవాలి, సిగ్డాస్ గ్రీన్ చిలీ బీర్. నిజంగానే పచ్చిమిర్చి బీరు. ఏల్ అనే రకం బంగారు రంగు బీరులో అనహైమ్, సెరానో అనే రెండు రకాల మిరపకాయలు వేస్తారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే కోసిన పచ్చిమిర్చి వాసన గుప్పుమంటుంది, నోట్లో పోసుకుంటే ముందు మామూలు బీరులాగే చల్లగా దిగి, ఆ తర్వాత గొంతులో కారం నెమ్మదిగా పైకొస్తుంది. పక్కన కూర్చున్న అమెరికన్ మంచినీళ్ల కోసం వెతుకుతుంటే మనం రెండో గుక్క వేస్తాం. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లకి ఇది ఘాటు కాదు, రుచి. కానీ దీని తర్వాత ఏది తాగినా నాలుకకి తెలియదు, అందుకే చివర పెట్టమన్నాను.

కాస్క్ ఏల్, అంటే పీపాలోంచి నేరుగా పోసే బీరు, ఉందేమో కూడా అడగండి. కౌంటర్ మీద పొడవాటి పిడి ఉన్న చేతి పంపు కనిపిస్తుంది, సర్వర్ దాన్ని రెండు మూడుసార్లు బలంగా లాగితే గ్లాసులోకి బీరు దిగుతుంది, పైన నురగ మెల్లగా పేరుకుంటుంది. ఇది ఐస్‌లాగా చల్లగా ఉండదు, గ్యాస్ తక్కువ. ‘బీరు పాడైపోయింది’ అని వెనక్కి పంపకండి, ఇంగ్లండ్ పద్ధతిలో దాన్ని అలాగే పోస్తారు. చల్లదనం తగ్గితేనే మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, రుచి బయటికొస్తుంది, బిస్కెట్ రుచి, కాస్త మాడిన చక్కెర రుచి అన్నీ విడివిడిగా తెలుస్తాయి. నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం.

తిండి దగ్గర ఒక్క హెచ్చరిక. కొలరాడోలో మెనూ మీద గ్రీన్ చిలీ అని కనిపిస్తే పచ్చిమిర్చి చట్నీ అనుకునేరు, అది మామూలుగా పంది మాంసంతో చేసే పులుసు, ఫ్రైస్ మీదా బరిటోల మీదా పోస్తారు. శాకాహారులు, పంది మాంసం తిననివాళ్లు ప్రతిసారీ అడిగి తీరాలి. ఉల్లిపాయ సూప్ కూడా అంతే, చాలాచోట్ల అడుగున ఉండేది గొడ్డు మాంసం రసం. ఏదీ తేలకపోతే ప్రెట్జెల్ అనే మెలితిప్పిన రొట్టె, ఆవపిండి సాస్ చెప్పుకోండి, బీరుతో దాని జోడీ అద్భుతం. ఖాళీ కడుపుతో మాత్రం తాగకండి. ఊరు 5,000 అడుగుల ఎత్తులో ఉంది, గాలి పొడిగా ఉంటుంది, దాహం వేసేలోపే ఒళ్లు ఎండిపోతుంది. ప్రతి గ్లాసు బీరుకీ ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి, అడగకపోయినా తెచ్చి పెడతారు.

బిల్లులో ట్యాక్స్ విడిగా పడుతుంది, టిప్ 18 నుంచి 20 శాతం వేసుకోండి. ఇక్కడ సర్వర్ల సంపాదనలో పెద్ద భాగం టిప్పే, మిగుల్చుకోవాలంటే ఒక గ్లాసు తగ్గించుకోండి గానీ టిప్ తగ్గించకండి.

తిరుగు ప్రయాణం ఇంట్లో ఉండగానే తేల్చుకుని బయల్దేరండి. కొలరాడోలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, 0.05 దాటితేనే ఇంకో చిన్న కేసు ఉంది. సైకిల్‌కి కూడా అదే చట్టం. ఊరంతా సైకిల్ దారులున్నాయి, కారు కాదు కదా అని చాలామంది ధైర్యం చేస్తారు, చేయకండి. వీసా మీద ఉన్నవాళ్లకి ఇది జరిమానాతో పోయే విషయం కాదు, డీయూఐలో అరెస్ట్ అయితే కోర్టు తీర్పు రాకముందే అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) వీసా స్టాంపు రద్దు చేయవచ్చు, తర్వాత ఇండియా వెళ్తే మళ్లీ కాన్సులేట్ మెట్లెక్కాలి. ఓల్డ్ టౌన్ నుంచి క్యాంపస్‌కి నడిచే దూరమే. మేసన్ స్ట్రీట్ వెంబడి మ్యాక్స్ బస్సు క్యాంపస్ మీదుగా దక్షిణం వైపు వెళ్తుంది, ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకోండి. గ్లాసు పట్టుకుని చౌరస్తాలోకి రాకండి, రోడ్డు మీద తాగడం కుదరదు.

బాగా నచ్చిన బీరు ఉంటే గ్రౌలర్‌లో పట్టి ఇస్తారేమో అడగండి. 64 ఔన్సుల గాజు సీసా అది, దాదాపు రెండు లీటర్లు. కారులో వచ్చినవాళ్లు మూత తీయకుండా డిక్కీలో పెట్టుకోండి, ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మూత తీశాక ఒకటి రెండు రోజుల్లో పూర్తి చేయండి, ఆ తర్వాత గ్యాస్ పోయి చప్పబడిపోతుంది. నలుగురు ఉన్న రాత్రే తెరవండి.