ఒక్క ప్రొజెక్టర్, నాలుగు ఐటమ్‌లు: డాన్స్ ప్రోగ్రామ్‌కి వరుస కూర్చడం ఎలా?

మాది హైదరాబాద్‌లో ఎనిమిది మంది డాన్సర్లున్న చిన్న బృందం. లైట్లు, ప్రొజెక్షన్ నేను చూసుకుంటాను. కొత్తగా బృందం పెట్టిన పిల్లలు ఫోన్ చేసి, "అక్కా, గంటంపావు టైమిచ్చారు. నాలుగు ఐటమ్‌లున్నాయి, అన్నిట్లో వీడియో ఉంది. ఏది ముందు పెట్టాలి?" అని అడుగుతుంటారు. అన్నిట్లో వీడియో ఎందుకని నేను ముందు అడుగుతాను.

స్టేజి మీద ఎక్కడ వెలుగు ఎక్కువుంటే కన్ను అక్కడికే పోతుంది. వెనక ఇరవై అడుగుల తెర మీద సముద్రం ఎగసిపడుతుంటే, ముందున్న మనిషి మడమ ఎత్తిన సంగతి ఎవరికీ కనబడదు. నాలుగు ఐటమ్‌లూ అలాగే ఉంటే, రెండోది అయ్యేసరికే కళ్ళు అలిసిపోతాయి. అందుకే వెలుగుకి ఒక్కో ఐటమ్‌లో ఒక్కో పని అప్పజెప్పండి.

మొదటిది నీడల ఐటమ్ పెట్టండి. ఇది మనకి కొత్తేమీ కాదు. అనంతపురం వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూశాను. బొమ్మని తెల్లగుడ్డకి అదిమి పట్టినప్పుడు దాని ముక్కుపుడక చిల్లులు కూడా లెక్కపెట్టొచ్చు. ఆడించేవాళ్ళు రవ్వంత వెనక్కి లాగితే అంచులు చెదిరి, బొమ్మ పెద్దదై, మసకబారేది. మనిషి శరీరంతోనూ అంతే. తెరకి ఆనుకుంటే మామూలు మనిషి, దీపం వైపు నాలుగడుగులు వేస్తే రాక్షసుడు. అమెరికాలోని పిలోబోలస్ బృందం 2009లో 'షాడోలాండ్' అనే నృత్యాన్ని ఈ నీడల మీదే నడిపింది.

నీడ అంచు పదునుగా రావాలంటే వెలుగు చిన్న చోటు నుంచి రావాలి. ట్యూబులైటూ పాలరంగు బల్బూ పనికిరావు. ప్రొజెక్టర్ లెన్స్ చిన్నదే కాబట్టి దాన్నే తెర వెనక పెట్టండి. ఇంకో లాభం కూడా ఉంది. అందులోంచే ఒక చెట్టు బొమ్మో ఇంటి కప్పో వేస్తే, నీడా బొమ్మా ఒకే తెర మీద కలిసిపోతాయి.

వెనక ఎంత చోటు కావాలో ముందే లెక్క కట్టండి. ప్రొజెక్టర్ పుస్తకంలో త్రో నిష్పత్తి అని ఉంటుంది, అంటే బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ ఉండాలో చెప్పే అంకె. అది 1.5 అయితే, 16 అడుగుల వెడల్పు బొమ్మకి 24 అడుగుల దూరం కావాలి. చాలా హాళ్ళలో తెర వెనక అంత చోటుండదు. 0.8 ఉన్నదైతే 13 అడుగులు చాలు. అద్దెకి తెచ్చేముందు టేపు పట్టుకుని హాలుకి వెళ్ళి రండి.

రెండో ఐటమ్‌లో వీడియో పెట్టకండి. అమెరికా నృత్య దర్శకుడు ఆల్విన్ నికొలాయ్ 1953లో 'నూమెనన్' చేసినప్పుడు డాన్సర్లని సాగే గుడ్డలో తల నుంచి పాదం దాకా దాచేశాడు. మనిషి ఎక్కడా కనబడడు, ఆకారాలే మారుతుంటాయి. ఆ నృత్యాన్ని కాపీ కొట్టమనడం లేదు, గుడ్డతో ఎంత చెయ్యొచ్చో చూడమంటున్నాను. లైక్రా అనే సాగే గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. నల్ల కర్టెన్ ముందు, స్టేజి రెండు పక్కల మరుగు చోట్లైన వింగ్స్ నుంచి మోకాలి ఎత్తులో ఒకటి, భుజం ఎత్తులో ఒకటి సైడ్ లైట్లు పెట్టండి. ఎదురు లైట్ వేస్తే మడతలన్నీ చదునైపోతాయి. ప్రతి డాన్సర్‌నీ ఆ గుడ్డలో ముందు రోజే పది నిమిషాలు నిలబెట్టి, ఊపిరి బాగా ఆడుతోందో లేదో చూడండి.

ఈ ఐటమ్ ఇక్కడే ఎందుకంటే, కర్టెన్ ముందు ఇది నడుస్తుండగానే వెనకున్న ప్రొజెక్టర్‌ని తీసి హాల్లోకి తెచ్చుకోవచ్చు. లాంప్ ఉన్న ప్రొజెక్టర్ అయితే ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ తియ్యకండి. ఒక కాలేజీ ఆడిటోరియంలో మేం తొందరపడి వేడిమీదే పీకేశాం. అది మళ్ళీ వెలగడానికి చాలాసేపు పట్టింది. చీకట్లో జనం గుసగుసలు వింటూ నిలబడ్డాను, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి నేల మీద స్టాండు కాళ్ళకి టేపు ముక్కలు అంటిస్తున్నాను. జూమ్ రింగు మీద నీడలకి తెల్ల గీత, నాలుగో ఐటమ్‌లో వచ్చే ముందు తెరకి ఎర్ర గీత పెడుతున్నాను. చీకట్లో వేలితో తిప్పి గీత కలిపితే సరిపోతుంది.

మూడోది ఒక్కరే చేసే నృత్యం, ఒకే లైట్. కళ్ళకి విశ్రాంతి, ప్రొజెక్టర్ సర్దుకోవడానికి మీకు ఇంకో ఎనిమిది నిమిషాలు.

నాలుగోది నెట్ తెర. అమెరికా నృత్య దర్శకుడు మర్స్ కన్నింగ్‌హామ్ 1999లో చేసిన 'బైపెడ్'లో డాన్సర్ల ముందు పల్చటి తెర ఉంటుంది. పాల్ కైజర్, షెల్లీ ఎష్కర్ అనే డిజిటల్ కళాకారులు మోషన్ క్యాప్చర్‌తో, అంటే డాన్సర్ల కదలికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, తయారుచేసిన గీతల మనుషులు దాని మీద నడుస్తుంటారు. వెనక నిజం మనుషులు. ఎవరు ముందో ఎవరు వెనకో కాసేపు తెలియదు. మనం నల్లటి నెట్ గుడ్డతో చెయ్యొచ్చు. తెల్లదైతే లైట్ తగలగానే గోడలా కనిపిస్తుంది. తెర ముందు నుంచి ఇంకే లైటూ వెయ్యకూడదు, డాన్సర్లకి సైడ్ లైట్లే. నెట్ దాటిన బొమ్మ వాళ్ళ మొహాల మీద పడకుండా ప్రొజెక్టర్‌ని వీలైనంత ఎత్తులో, కిందికి వంచి పెట్టండి. అప్పుడు ఆ మిగులు వెలుగు నేల మీద పడుతుంది.

కెమెరా డాన్సర్ కదలికని పట్టుకుని అప్పటికప్పుడు గీతలు గీసే పద్ధతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో చంకీ మూవ్ బృందం 2006లో 'గ్లో'ని అలాగే చేసింది. ప్రొజెక్టర్ వెలుగు చూసి కెమెరా మోసపోకుండా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వాడారు. హాలు రెండు రోజులు ముందే మీ చేతికి వస్తే ప్రయత్నించండి. పొద్దున్న తాళం తీసి సాయంత్రం షో అనే చోట వద్దు.

చివరి ఐటమ్‌లో వీడియోని నృత్యం కంటే ఇరవై సెకన్లు ముందే ముగించండి. బొమ్మ మెల్లగా ఆరిపోతుండగా వెనక సైడ్ లైట్లు పెంచుతూ పోతే నెట్ మాయమైపోతుంది, మనుషులు మిగులుతారు. పాట ఆగాక వాళ్ళ ఊపిరి చప్పుడు మూడో వరస దాకా వినబడుతుంది. అప్పుడు లైట్లన్నీ ఆర్పేసి బ్లాక్అవుట్ ఇవ్వండి.