పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఏ రోల్‌కు (యూజర్‌కు లేదా యూజర్ల గుంపుకు) ఏ టేబుల్‌పై ఏ హక్కులున్నాయో ఎలా చూడాలి?

"పర్మిషన్ డినైడ్" అనే ఎర్రర్ కనబడగానే కంగారుపడి ఇంకో గ్రాంట్ (హక్కు ఇచ్చే ఆదేశం) ఇచ్చేయకండి. అలా ఇచ్చినవి పేరుకుపోయి, కొన్నాళ్లకు ఎవరికి ఏ హక్కుందో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. ముందు ఉన్నవాటిని చూడండి.

మొదట పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ అయిన పీఎస్‌క్యూఎల్ తెరిచి, బ్యాక్‌స్లాష్ తర్వాత చిన్న అక్షరాల్లో డీ, పీ కొట్టి, ఖాళీ వదిలి టేబుల్ పేరు ఇవ్వండి. 'యాక్సెస్ ప్రివిలేజెస్' అనే కాలమ్‌లో "రిపోర్టర్=ఏఆర్/అడ్మిన్" వంటి వరుసలు వస్తాయి. సమానం గుర్తుకు ముందున్నది హక్కు పొందిన రోల్, వాలు గీత తర్వాత ఉన్నది ఇచ్చిన రోల్. మధ్యలోవి హక్కులు: ఆర్ అంటే సెలెక్ట్ (చదవడం), ఏ అంటే ఇన్సర్ట్ (కొత్త వరుసలు చేర్చడం), డబ్ల్యూ అంటే అప్‌డేట్ (మార్చడం). చిన్న డీ డిలీట్ (వరుసలు తీసేయడం), పెద్ద డీ ట్రంకేట్ (టేబుల్ మొత్తం ఖాళీ చేయడం). ఈ రెండింటి దగ్గర చాలామంది పొరబడతారు, జాగ్రత్తగా చదవండి. అక్షరం పక్కన నక్షత్రం గుర్తుంటే, ఆ రోల్ ఆ హక్కును ఇతరులకూ ఇవ్వగలదు.

సమానం గుర్తుకు ముందు ఏ పేరూ లేకపోతే ఆ హక్కు పబ్లిక్‌ది, అంటే అన్ని రోల్స్‌దీ. ఇది కనబడితే అక్కడే ఆగి, నిజంగా అవసరమా అని ఆలోచించండి. కాలమ్ మొత్తం ఖాళీగా ఉంటే మాత్రం ఎవరికీ హక్కు లేదని కాదు. ఇంతవరకు ఎవరూ ఏమీ మార్చలేదని, ఓనర్‌కు అన్ని హక్కులూ ఉన్నాయని అర్థం.

అయితే ఈ జాబితాలో పేరు లేని రోల్ కూడా టేబుల్ చదవగలదు. అది హక్కుల తనిఖీలు వర్తించని సూపర్‌యూజర్ కావచ్చు, లేదా హక్కున్న మరో రోల్‌లో సభ్యత్వం ఉండవచ్చు. అందుకే నేను జాబితా చూసి ఊరుకోను. హ్యాజ్_టేబుల్_ప్రివిలేజ్ అనే ఫంక్షన్‌కు రోల్ పేరు, టేబుల్ పేరు, హక్కు పేరు ఇచ్చి నేరుగా అడుగుతాను. సభ్యత్వం ద్వారా వచ్చినవి కూడా లెక్కలోకి తీసుకుని అవునో కాదో చెబుతుంది. హక్కులను ఒక్కొక్కటిగానే అడగండి. కామా పెట్టి రెండు కలిపి అడిగితే, ఏ ఒక్కటి ఉన్నా అవుననే అంటుంది.

అవునని వచ్చినా ఎర్రర్ పోలేదా? స్కీమాపై (టేబుల్స్ ఉండే ఫోల్డర్ లాంటిదానిపై) యూసేజ్ హక్కు, అంటే దాన్ని వాడుకునే హక్కు, ఉందో లేదో చూడండి. అది లేకపోతే లోపలి టేబుల్‌పై సెలెక్ట్ ఉన్నా క్వెరీ నడవదు. దీన్ని హ్యాజ్_స్కీమా_ప్రివిలేజ్‌తో తేల్చుకోవచ్చు.